బల్ల కోసే చేయి

మా అత్త జమ్రూద్ గురించి పెనుకొండలో ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. ఆమె కుట్టిన పరుపు పదేళ్లయినా గడ్డకట్టదనేది ఒకటి. ఆమె కోస్తే ఎంత పెద్ద బల్లయినా కరిగిపోతుందనేది రెండోది. మొదటిది నిజం. రెండోదాని గురించి నేను ఆమెతో పదకొండేళ్లు పోట్లాడాను.

మేం దూదేకులవాళ్ళం. బస్టాండు వెనక సందులో మా ఇల్లు. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక మా కాపురం. మా ఆయన రఫీక్ మిషను మీద దూది ఏకితే, అత్త దబ్బనం పట్టుకుని పరుపులు కుడుతుంది. వారంలో ఆరు రోజులు మా అన్నంలోనూ నీళ్లలోనూ దూది పీచే. గురువారం మాత్రం పొద్దున్నే మిషను ఆపి, నేల కడిగి, చాప పరుస్తారు. అది బల్ల కోసే రోజు.

చిన్నపిల్లలకు ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం వాచి, చేతికి గట్టిగా తగులుతుంది చూడండి, దాన్నే మా వైపు బల్ల అంటారు. తల్లి బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. అత్త ఆ కడుపు మీద తడిగుడ్డ పరిచి, గుడ్డ మీద కలబంద మట్ట పెట్టి, చిన్న కత్తితో మట్టకు అడ్డంగా గాటు పెడుతుంది. "ఏం కోస్తాండావు?" అని తల్లి అడగాలి. "బల్ల కోస్తాండా" అని అత్త చెప్పాలి. ఇలా ఏడు గాట్లు, ఏడు ప్రశ్నలు. కత్తి బిడ్డ ఒంటికి తగలనే తగలదు. ఆ మట్టను ఇంటికి తీసుకుపోయి పొయ్యి పైన వేలాడదీస్తే, అది ఎండేకొద్దీ కడుపులో బల్ల కూడా ఎండిపోతుందట. గోరంట్ల నుంచి, ధర్మవరం నుంచి, ఓబులదేవరచెరువు నుంచి కూడా వచ్చేవాళ్ళు. అత్త తమలపాకు తప్ప ఏమీ తీసుకునేది కాదు. వచ్చినవాళ్ళను కాదని పంపేదీ కాదు. ఆ కత్తి ఆమెకు వాళ్ళ అత్త ఇచ్చింది, వాళ్ళ అత్తకు ఆమె అత్త.

ఆ ఇంటికి నేను కోడలినయ్యాను. అక్కడితో ఆగితే బాగుండేది. పెళ్ళయిన రెండేళ్లకు ఆశా కార్యకర్త ఉద్యోగం కూడా వచ్చింది. ముందు గదిలో ఆమె కలబంద కోస్తుంటే, అదే గడప దాటి నేను వీధివీధికీ పోయి "బిడ్డ పాలిపోతే, కడుపు గట్టిగా తగిలితే ఆసుపత్రికి తీసుకురండి" అని చెప్పేదాన్ని. జనం నవ్వరా? కడుపారా నవ్వారు. "ముందు మీ అత్తను తీసుకపోమ్మా ఆసుపత్రికి" అనేవాళ్ళు. చివరికి అదే జరిగింది.

నాలుగేళ్ల కిందట అత్త కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లకు ఆకు పసరు పోస్తారని ఎవరో చెబితే మూడు వారాలు తాగింది. కాళ్లు వాచాక గానీ నా మాట వినలేదు. హిందూపురం డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది నీళ్ల వల్లనో తిండి వల్లనో వచ్చింది కాదన్నాడు. ఒంటిని కాపాడాల్సిన రక్తమే లివర్ మీద తిరగబడి దాన్ని వాచేట్టు చేస్తోందట. ఏళ్ల తరబడి ఉండే వాపు. మాత్రలు కూడా ఏళ్ల తరబడే.

మాత్రలకు లివర్ కాస్త నెమ్మదించింది కానీ అత్త ముఖం ఉబ్బిపోయింది, షుగర్ వచ్చింది. అద్దం చూసుకుని "పరుపులో దూది కూరినట్టు కూరినారు గదే నా మొగంలో" అనేది. ఆ మాత్రలు తగ్గించి రెండో రకం మాత్ర మొదలుపెట్టాలని డాక్టరు అనుకున్నాడు. ఆ రెండో మాత్ర రక్తంలో కణాలను తగ్గిస్తుంది. అత్తకు కణాలు అప్పటికే అడుగంటాయి. ఎందుకని స్కానింగ్ తీస్తే, ప్లీహం బొడ్డుదాకా పెరిగి ఉంది.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. లివర్ గట్టిపడేసరికి దాంట్లోకి పోవాల్సిన రక్తం వెనక్కి తన్ని ప్లీహం పెరిగింది. పెరిగిన ప్లీహం కణాలను మింగేస్తోంది. కణాలు లేకపోతే లివర్‌కు మాత్ర ఇవ్వలేరు. మాత్ర ఇవ్వకపోతే లివర్ మిగలదు. ఎటు తిరిగినా గోడే.

హిందూపురం నుంచి తిరుగు బస్సులో అత్త, "అంటే, నాకు బల్ల వచ్చిండాదా?" అంది. అవునన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ముందు సీటువాళ్ళు తిరిగి చూసేంత నవ్వు. నాకూ ఆగలేదు. పెనుకొండ వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం.

బెంగళూరులో పెద్ద డాక్టరు దారి ఒకటే అన్నాడు. ప్లీహం తీసేయాలి. అది తీసేస్తే కణాలు పెరుగుతాయి, పెరిగితే రెండో మాత్ర ఇచ్చి లివర్ వాపును అదుపులో పెట్టొచ్చు. ఇది అందరికీ చేసే వైద్యం కాదనీ, ప్రమాదం ఉందనీ, ప్లీహం లేని మనిషికి జన్మంతా జ్వరం భయం ఉంటుందనీ దాచకుండా చెప్పాడు. రెండు వారాల ముందు మూడు టీకాలు వేయించుకోవాలి. "నెల లోపల రండి. కణాలు ఇంకా పడిపోతే మేమూ చెయ్యి పెట్టలేం" అన్నాడు.

నేను సంతోషించాను. దారి ఉందన్నారు కదా, ఇంకేం కావాలి? అత్త మాత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని, "నేను చేయించుకోను" అంది.

కోసే మనిషి ఒంటి మీద ఇంకొకరి కత్తి పడకూడదట. పడితే ఆ చేయి చచ్చిపోతుంది. అంతటితో పోదు. ఆ చేయి అంతవరకూ కోసిన బిడ్డలందరికీ బల్ల మళ్లీ వస్తుంది.

"ముప్పై ఏండ్లు కోసినా పాపా. ఎంతమంది బిడ్డలో ఏమో. వాళ్లల్లో పిల్లలు పుట్టినోళ్లు కూడా ఉండారు. నా పానం కోసరం వాళ్లందర్నీ పడగొట్టమంటావా?"

నాకు కోపం నషాళానికి ఎక్కింది. మొండితనం అయితే తిట్టి లొంగదీయొచ్చు. ఇది మొండితనం కాదు. ఎవరి బిడ్డలకోసమో ఆమె చావడానికి కూర్చుంది. అలాంటి మనిషిని ఏమని తిట్టాలి?

"అయితే ఇంగో దోవ ఉండాది" అంది. నాకు ముందే తెలుసు, ఆ దారి నా వైపే వస్తుందని. ఆపరేషన్‌కు ముందే కత్తి చేతులు మారితే ఏ బిడ్డకూ ఏమీ కాదు. కత్తి ఇంటి కోడలికే పోవాలి. కూతురికి పోదు, మగవాళ్లకు అసలే పోదు. తీసుకున్న కోడలు వచ్చినవాళ్ళను ఎవ్వరినీ కాదనకూడదు.

"నేను తీసుకోను" అన్నాను.

అదండీ నా తెలివి. ఆమెను ఆసుపత్రికి పంపాలని ఊరంతా తిరిగి అరిచింది నేను. ఇప్పుడు ఆమె ఆసుపత్రికి పోకుండా అడ్డం కూర్చున్నదీ నేనే. కానీ ఎలా తీసుకోను? బుధవారం ఒక తల్లికి ఆసుపత్రికి పొమ్మని చెప్పి, గురువారం ఆమె బిడ్డ కడుపు మీద కలబంద కోయనా? పదకొండేళ్లు నేను చెప్పిందంతా బూడిదలో పోసినట్టే.

రఫీక్ మొదట బతిమాలాడు. "ఒక కత్తి, అంతే గదా రుక్సానా. తీసుకుంటే ఏం పోతాది?" అన్నాడు. అంత తేలికైతే చీర కట్టుకుని నువ్వే తీసుకో అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. గోరంట్లలో ఉన్న ఆడబిడ్డ షహీన్ ఫోన్ చేసి, "మా అమ్మను సంపుతాండేది జబ్బు కాదు, నువ్వు" అని పెట్టేసింది. అత్త మాత్రం అన్నం పెడితే తినేది, మాత్రలిస్తే మింగేది, పరుపు కుట్టేది. ఆమె అరిచి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

తీసుకున్నట్టు తీసుకుని తర్వాత పారేద్దామని కూడా అనుకున్నాను. బియ్యం ఏరుతున్న అత్త తల ఎత్తకుండానే, "తీసుకోని చెరువులో ఏసేద్దామనుకుంటాండావు గదా? అట్ల తీసుకోబాక. నేను బతికినా ఆ బతుకు నాకొద్దు" అంది. ఆ ఇంట్లో మనసులో కూడా దాక్కోవడానికి చోటు లేదు.

ఇలా పది రోజులు పోయాయి. పదకొండో రోజు మధ్యాహ్నం అత్త పరుపు కుడుతూ కుడుతూ ముక్కు తుడుచుకుంది. చేతికి రక్తం. ఆగుతుందిలే అనుకున్నాం. ఆగలేదు. తెల్లటి కొత్త పరుపు మీద కారింది, రెండు తువ్వాళ్లు తడిసిపోయాయి, మూడోది పట్టుకున్నాం. రఫీక్ ఆటో కోసం పరుగెత్తాడు. అత్త తల నా ఒళ్లో ఉంది. ఆ స్థితిలో కూడా "ఆ పరుపు గంగాధరప్పోళ్లది, మరక పడ్న్యాది, వాళ్లకు ఇంగోటి కుట్టియ్యండి" అంటోంది.

హిందూపురంలో ముక్కులో గుడ్డ కుక్కి రక్తం ఆపారు. ముప్పై ఎనిమిది వేలున్న ప్లేట్‌లెట్ కణాలు ఇరవై నాలుగు వేలకు పడిపోయాయి. మంచం పక్కన నిలబడి, "ఇయ్యి అత్తా. తీసుకుంటా" అన్నాను. "పారెయ్యవు గదా?" అంది. పారేయనన్నాను. "కాదనవు గదా ఎవుర్నీ?" అంది. అననన్నాను. అబద్ధం చెబుతున్నానో నిజం చెబుతున్నానో నాకే తెలియదు.

మరుసటి గురువారం ముహూర్తం. కొత్త చేయి మొదటి కోత పాత చేయి ముందరే కోయాలి, అదీ నిజంగా బల్ల ఉన్న మనిషికే. ఆ రోజు పిల్లలెవరూ రాలేదు. అత్తే చాప మీద పడుకుని పైట పక్కకు తీసింది. "నాకే కొయ్యి" అంది.

తడిగుడ్డ పరిచాను. మట్ట పెట్టి అది జారకుండా ఎడమచేత్తో నొక్కాను. గుడ్డ కింద గట్టిగా, బండలా, బొడ్డుదాకా తగిలింది. పదకొండేళ్లుగా పుస్తకంలో బొమ్మగా చూసినదాని మీద నా అరచేయి ఉంది. అడగడానికి అత్తకు తల్లి లేదు కనుక ఆ చోట రఫీక్ కూర్చున్నాడు.

"ఏం కోస్తాండావు?" అన్నాడు.

"బల్ల కోస్తాండా."

రెండో గాటు. మూడో గాటు. మట్టలోంచి జిగురు కారి నా వేళ్లు తడిసిపోయాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను, ఆ ఏడు గాట్లు పెట్టేంతసేపూ నేను నమ్మాను. తెగిపోవాలి, ఇది తెగిపోవాలి అని మనసారా కోశాను.

ఆ సాయంత్రమే టీకాలు వేయించాం. రెండు వారాలకు బెంగళూరులో ప్లేట్‌లెట్ల సంచులు ఎక్కించి ఆపరేషన్ చేశారు. నాలుగున్నర గంటలు. బయటికి తీసింది కిలోంబావు పైగా తూగిందట. మూడో వారానికి ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. రెండో మాత్ర మొదలుపెట్టారు, మొదటి మాత్ర తగ్గించుకుంటూ వచ్చారు. అత్త ముఖం మెల్లగా అత్త ముఖంలా అయింది. జ్వరం వస్తే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని ఒక కార్డు రాసిచ్చారు. దాన్ని ఆమె కుట్టుపెట్టెలో పెట్టుకుంది.

బతికింది. ఆ ఒక్క మాటకు నేను ఎవరికైనా దండం పెడతాను. కానీ మనిషికి నోరుంటుంది కదా. చూడడానికి వచ్చినవాళ్ళందరితో అత్త ఒకటే పాట. "మా కోడలు కోసింది. డాక్టర్లు దాన్ని తీసి పక్కన పెట్టినారు, అంతే."

ఇంటికొచ్చాక మొదటి రెండు గురువారాలు డ్యూటీ ఉందని తప్పించుకున్నాను. మూడో గురువారం ధర్మవరం నుంచి సుధాకర్ అనే పట్టుచీరల నేతగాడు, భార్య యమున, ఆరేళ్ల కూతురు వైష్ణవి వచ్చారు. పాప పెదాలు కూడా తెల్లగా ఉన్నాయి. ఒళ్లో బొమ్మను పెట్టుకుని నన్ను చూసి నవ్వింది.

నేను నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాను. "అన్నా, నేను కోయను. కలబంద కోస్తే బల్ల తగ్గదు. మా అత్తను బాగు చేసింది డాక్టర్లు. పాపను ఈ పొద్దే ఆసుపత్రికి తీసుకపోండి, రక్తం పరీక్ష చేయాల" అన్నాను. చీటీ కూడా రాసిచ్చాను. సుధాకర్ చీటీ తీసుకున్నాడు. "నువ్వు కోయవా అమ్మా?" అని అడిగాడు. కోయనన్నాను. యమున కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చేతులు జోడించి వెళ్లిపోయారు. లోపలి గదిలోంచి అత్త అంతా విన్నది. ఆ మధ్యాహ్నం నేను కడుపునిండా అన్నం తిన్నాను. పదకొండేళ్లలో మొదటిసారి గెలిచానని అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత అత్తను రక్తపరీక్షకు హిందూపురం తీసుకుపోయాను. పిల్లల వార్డు ముందు యమున కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. లోపల మంచం మీద వైష్ణవి. కడుపు మీద నాలుగు వాతలు. ఎర్రగా కాల్చిన ఇనపకడ్డీతో పెట్టినవి. చీము పట్టి, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

"ఆసుపత్రికి పొమ్మంటి గదా అన్నా!" అని సుధాకర్ మీద అరిచాను.

అతను తలవంచుకుని చెప్పాడు. "మీ ఇంట్లో యాపొద్దూ ఎవుర్నీ కాదనరని అందురూ చెప్పిన్యారు. నువ్వు కోయనంటే, ఇంగ కోతకు లొంగనంతగా ముదిరిపోయిందేమో, మా మొగాన చెప్పల్యాక ఆసుపత్రి అంటాండావేమో అనుకుంటిమి. ముదిరినదానికి వాతలే అన్యారు. ఒగ పల్లెలో పెట్టే ఆయప్ప ఉంటే ఆడికి పోతిమి."

నేను చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా వాళ్లకు చేరలేదు. నేను కాదన్నదొక్కటే చేరింది.

పాప దగ్గరికి వంగాను. నన్ను గుర్తుపట్టింది. ఏడవలేదు. రెండు చేతులతో కడుపు మూసుకుంది.

తిరుగు బస్సులో అత్త, "కాదంటే వాళ్లు యాడికి పోతారో నాకు తెలుసు" అంది.

"అయితే నీకు కోతమీద నమ్మకం లేదా?"

"నమ్మకమూ ఉండాది. భయమూ ఉండాది. రెండూ పెట్టుకోనే కోసినా."

ముందే ఎందుకు చెప్పలేదని అడగాలనుకున్నాను. చెప్పినా నేను వినేదాన్ని కాదు. అందుకే అడగలేదు.

వైష్ణవి బతికింది. పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బట, నెలనెలా రక్తం ఎక్కించాలి. కడుపు మీద ఆ నాలుగు మచ్చలు మాత్రం ఉండిపోతాయి.

ఆ వచ్చే గురువారం నేను నేల కడిగి, చాప పరిచి కూర్చున్నాను. అప్పటినుంచి కూర్చుంటూనే ఉన్నాను. ఏడు గాట్లు పెడతాను, ఏడుసార్లు అబద్ధం చెబుతాను. చివరి గాటు కాగానే, "రక్తం పరీక్ష అయ్యేదాకా ఈ మట్ట ఎండదు. మూడు దినాల్లో ఆసుపత్రికి పోవాల" అంటాను. ఆశా కార్యకర్తగా చెబితే పదకొండేళ్లు విననివాళ్ళు, కత్తి పట్టుకుని చెబితే మారు మాట్లాడకుండా పోతున్నారు. అక్కడ మందులతో పిల్లలు తేరుకుంటున్నారు. తేరుకున్న ప్రతి బిడ్డా నా చేతి చలవేనని వాళ్ళ ఊళ్లో చెబుతున్నారు. గురువారం జనం రెండింతలయ్యారు. ఈ ఉచ్చును నేను బిగించుకుంటూ పోతున్నానే తప్ప విప్పే దారి తెలియదు. మానేస్తే ఇంకో వైష్ణవి. మానకపోతే ఈ కత్తి రేపు నాకు రాబోయే కోడలికి. అత్త పక్క గదిలో పరుపు కుడుతూ నా గాట్లు లెక్కపెడుతుంది. ఆరు గాట్లకే ఆగానని ఒకసారి కేకేసింది కూడా.

పోయిన నెల ఆసుపత్రిలో మా నెలవారీ మీటింగ్ జరిగింది. రక్తపరీక్షలకు పిల్లలను ఎక్కువగా పంపింది రుక్సానాయేనని మెడికల్ ఆఫీసర్ నన్ను లేపి నిలబెట్టాడు. "జనం పరీక్షలకు రామని మొండికేస్తారు కదా. నువ్వెట్లా ఒప్పిస్తాండావో మిగతావాళ్లకు చెప్పమ్మా" అన్నాడు. నలభై మంది ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. వాళ్ళలో సగం మందికి నా గురువారాల సంగతి తెలుసు.

"ఓపిగ్గా చెబుతాను సార్" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.